విజయవాడ సిటీ బస్సులు: పాత బస్టాండు నుంచి జీరో టికెట్ దాకా

విజయవాడకు ఉద్యోగం మీద వస్తున్నాను, సిటీ బస్సులను నమ్ముకుని ఇల్లు తీసుకోవచ్చా, అసలు ఈ బస్సుల చరిత్ర ఏమిటి అని మీరు అడిగారు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఎక్కి ఆటోనగర్‌లో దిగుతూ చాలా ఏళ్లు పనికి వెళ్లినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

ఇక్కడి బస్సులు మొదట ప్రైవేటు యజమానులవి. 1958 జనవరిలో ఆర్టీసీ ఏర్పడ్డాక కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చేయబోతే, ఆ యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వినేవారు ఒకరు, తేల్చేవారు మరొకరు అయితే అది విచారణ కాదని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ తరువాత ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు, ఆయన పక్షపాతంతో ఉన్నారన్న యజమానుల వాదన రెండోసారి నిలవలేదు. మన జిల్లా బస్సుల తగాదా దేశమంతటా న్యాయ విద్యార్థులు చదివే తీర్పయిందన్న సంగతి ఆ బస్సులెక్కేవారిలో చాలామందికి తెలియదు.

గవర్నర్‌పేటలోని బస్టాండు ఇరుకైపోవడంతో 1990లో కృష్ణలంక వైపు పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ వచ్చింది. అయినా గవర్నర్‌పేట స్టాపును ఇప్పటికీ పాత బస్టాండనే అంటారు. అలాగే బందరు రోడ్డుకు మహాత్మా గాంధీ పేరు, ఏలూరు రోడ్డుకు కార్ల్ మార్క్స్ పేరు ఉన్నా, ఆ పేర్లు చెప్పి టికెట్ అడిగినవారిని నేను చూడలేదు.

నేను తిరిగిన రోజుల్లో కండక్టరు చేతిలో రంగురంగుల టికెట్ల కట్టలు, ఒక పంచ్ ఉండేవి. చిల్లర లేకపోతే రావలసిన మొత్తాన్ని టికెట్ వెనక రాసిచ్చేవాడు. బెంజి సర్కిల్ దాటాక రద్దీలో అతన్ని పట్టుకోలేక అది వదులుకుని దిగిన రోజులు లెక్కలేదు. ఇప్పుడు టికెట్ ముద్రించి ఇచ్చే టిమ్ మిషన్లు వచ్చాయి, చిల్లర తగాదా మాత్రం పూర్తిగా పోలేదు.

ఈ ఊరిలో బస్సు వేగాన్ని తేల్చేది డ్రైవరు కాదు, కాలువల మీది వంతెనలు, రైలు పట్టాలు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరిని చీల్చడం వల్ల బస్సులన్నీ కొద్దిపాటి దాటింపుల దగ్గరకే రావాలి. సత్యనారాయణపురంలో పాత రైలు మార్గం తీసేసిన చోట బస్సులకు ప్రత్యేక వరుసలతో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు గానీ, రద్దీ ఉన్నది అక్కడ కాదు కనుక అది బస్సుల దారిగా నిలదొక్కుకోలేదు. నా దృష్టిలో అది స్థలం దొరికిన చోట వేసిన రోడ్డే తప్ప, ప్రయాణికులున్న చోట వేసింది కాదు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్, అంటే డబ్బు తీసుకోని టికెట్, ఇస్తున్నారు. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

ఇల్లు బందరు రోడ్డుకో ఏలూరు రోడ్డుకో నడిచి వచ్చే దూరంలో ఉంటే బస్సులను నమ్ముకోవచ్చు. అజిత్‌సింగ్‌నగర్ వైపు అద్దె తక్కువని మొగ్గితే మాత్రం, అడ్వాన్సు ఇవ్వకముందే ఒక సాయంత్రం ఆరు గంటలకు అక్కడికి వెళ్లే ఫ్లైఓవర్ మీదుగా బస్సులో వెళ్లి చూడండి.