పాప గదిలో బూజు: పెయింట్ కంటే ముందు చేయాల్సినవి

"పాప గదిలో గోడకు నల్లగా బూజు పడుతోంది, బ్లీచింగ్ నీళ్లు కొట్టి పెయింట్ వేయిస్తే పోతుందా" అని అడిగారు. పోదండి. మేం అదే చేసి చూశాం.

మాది విశాఖ. రెండేళ్ల కిందట వానాకాలంలో మా బాబు పడుకునే గదిలో బీరువా పక్కన అరచేయంత మచ్చ కనిపించింది. తుడిచి, లప్పం పెట్టించి, రంగు వేయించాం. కార్తీకమాసం వచ్చేసరికి రంగు పొక్కులు లేచి మచ్చ మళ్లీ పైకి తేలింది. నాలుగేళ్ల పిల్లాడికి రాత్రంతా పొడి దగ్గు. అమ్మమ్మగారింట్లో ఉంటే తగ్గేది, ఇంటికొస్తే మళ్లీ మొదలయ్యేది. ఆ మాట చెప్పగానే పిల్లల డాక్టరుగారు "ముందు గది మార్చండి" అన్నారు.

మీరూ ఈ రాత్రి నుంచే పాపని వేరే గదిలో పడుకోబెట్టండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించినా డాక్టరుకు చూపించండి, గదిలో బూజు ఉందని తప్పకుండా చెప్పండి.

తర్వాత నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి. మేం బీరువా జరిపేసరికి తడి గోనెసంచి వాసన గుప్పున కొట్టింది. వెనకంతా బూడిదరంగు నూగు. వేలితో నొక్కితే లప్పం తడిసిన బిస్కెట్‌లా ఊడొచ్చింది. ఒక ప్లాస్టిక్ కవర్‌ని నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచాం. చెమ్మ కవర్ లోపలివైపు పట్టింది, అంటే గోడలోంచే వస్తోందన్నమాట. (బయటివైపు పడితే గదిలో గాలి ఆడక పట్టిన తేమ.) అవతల బాత్రూం కుళాయి పైపు జాయింటు కారుతోంది. అది బాగుచేయించి, గోడ ఆరడానికి నెల వదిలేశాం. పచ్చిగోడకు రంగు వేయించకండి, డబ్బు దండగ.

శుభ్రం చేసేటప్పుడు ఎన్‌95 మాస్కు, గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి, గది తలుపు మూసేయండి. పొడిగుడ్డతోనో చీపురుతోనో దులిపితే బూజు పొడి ఇల్లంతా చేరుతుంది, అందుకే ముందు తడిపి, సబ్బునీళ్లతో తుడిచి, ఆ గుడ్డల్ని కవర్లో కట్టి పారేయండి. బ్లీచింగ్ మాత్రమే కొడితే చచ్చిన బూజు గోడకే ఉంటుంది, దానికీ ఎలర్జీ వస్తుంది. పైగా బ్లీచింగ్ నీళ్లలో బాత్రూం యాసిడ్ గానీ వెనిగర్ గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది. దయచేసి ఎప్పుడూ కలపకండి. మచ్చ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు దాటితే మీరు చెయ్యి పెట్టకుండా పని తెలిసినవాళ్లని పిలవండి.

బాబు దూది పరుపు, బొచ్చు ఎలుగుబంటి పారేయాల్సి వచ్చింది. వాడు ఏడ్చాడు, నాకూ బాధేసింది. కానీ దూదిలోకి దిగిన బూజు ఉతికినా పూర్తిగా పోదు.

ఇప్పుడు బీరువాని గోడకు జానెడు దూరంలో ఉంచుతున్నాం. వానాకాలంలో తడిబట్టలు ఆ గదిలో ఆరేయం. ముసురు పట్టి బయటే తేమగా ఉన్నప్పుడు కిటికీలు తెరిచినా లాభం లేదు, కాసేపు ఏసీని డ్రై మోడ్‌లో పెడతాం. తేమ కొలిచే చిన్న మీటర్ కొన్నాం, 60 శాతం దాటకుండా చూసుకుంటున్నాం.

మీ మచ్చ కింద నుంచి పాకుతోందా, పైకప్పు మూలన మొదలైందా? గోడకు అవతల ఏముంది? అవి రాయండి, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో ఆలోచిద్దాం.