వంటగదిలో హత్య, ఒక్కటే మాట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే వంటగది చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే మిగతావి పక్కనపెట్టి వీటికే జాగా ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అన్నా, మాది మాస్ కమ్యూనికేషన్ సెకండియర్. ప్రాక్టికల్‌కి ఏదైనా టీవీ సిరీస్‌ల నుంచి ఒక క్రైమ్ సీన్ తీస్కొని మన పద్ధతిల మళ్లీ షూట్ చెయ్యమన్నరు. మేము ది వైర్ అనే అమెరికా పోలీస్ సిరీస్ ఫస్ట్ సీజన్ నాలుగో ఎపిసోడ్‌ల, ఇద్దరు డిటెక్టివ్‌లు పాత మర్డర్ జరిగిన కిచెన్ చూసే సీన్ అనుకున్నం. వాళ్లు మొత్తం సీన్ ఒకటే బూతు మాట మీద నడిపిస్తరు కదా. తెలుగుల ఏ మాట పెట్టాలె? బూతు పెడితే మా హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) ఒప్పుకోడు, పెట్టకపోతే చప్పగ అయితది. ఇంకోటి, బ్లడ్ ఎంత కావాలె, గన్ కిరాయికి ఎక్కడ దొరుకుతది? బడ్జెట్ ఎనిమిది వేలు. – ఒక స్టూడెంట్, తార్నాక

జవాబు: తమ్ముడూ, ముందు నీ ఎనిమిది వేలు కాపాడతా. గన్ వద్దు, బ్లడ్ దాదాపు వద్దు. ఆ సీన్ మళ్లీ ఒకసారి చూడు, హత్య జరిగి నెలలు దాటిపోయింది, శవం లేదు, కాల్చినవాడూ లేడు. ఉన్నదల్లా ఖాళీ కిచెన్, ఇద్దరు మనుషులు, పాత ఫొటోలు, ఒక కొలిచే టేపు. 2002లో వచ్చిన ఎపిసోడ్ అది, రాసిన డేవిడ్ సైమన్ బాల్టిమోర్‌లో పేపర్ రిపోర్టర్‌గా చేసినోడు, ఆయనతో కలిసి కథ అల్లిన ఎడ్ బర్న్స్ అదే ఊళ్లో హత్య కేసులు చూసిన డిటెక్టివ్. అందుకే అందులో ఎవరూ యాక్టింగ్ చేస్తున్నట్టు ఉండదు, డ్యూటీ చేస్తున్నట్టు ఉంటుంది. మీవాళ్లకి బూతు ఒక్కటే గుర్తుండిపోయింది, అందరికీ అంతేలే, నేనూ మొదటిసారి చూసినప్పుడు నవ్వుకుని వదిలేశా. రెండోసారి సౌండ్ మొత్తం మ్యూట్ చేసి చూశా, అయినా ఎవడు ఏం కనిపెట్టాడో ఒక్క ముక్క మిస్ అవ్వకుండా అర్థమైంది. మీరూ అలాగే చూడండి, మాట సంగతి తర్వాత.

సరే మాట దగ్గరికే వద్దాం, నిజానికి ఈ ఉత్తరంలో నాకు నచ్చిన ప్రశ్న అదే. ఇంగ్లీషులో ఆ మాట ఎవరి మీదా పడదు, గాల్లోకి వదిలెయ్యొచ్చు, ఆశ్చర్యానికీ అదే, నొప్పికీ అదే. మన తిట్లు అలా కాదు, మన తిట్టుకి అడ్రస్ ఉంటుంది, ఎవరినో ఒకరిని తగలాలి. హైదరాబాద్‌లో రోజూ వినే మాటే తీస్కో, దీనెవ్వ. హెచ్ఓడీ మొహం చిట్లిస్తాడేమో గానీ చీటీ చింపడు, బస్‌స్టాప్‌లో పెద్దమనుషులు కూడా అనే మాటే. చూడు, వస్తువు మీద కోపం వస్తే దీనెవ్వ, ఎదురుగా ఉన్నోడి మీదైతే నీయవ్వ, అక్కడ లేనోడి మీదైతే వానెవ్వ. ఒకటే మాట, ముందు అక్షరాలు మారితే చాలు ఎవరి గురించో తెలిసిపోతుంది. ఈ సౌకర్యం ఆ ఒరిజినల్ రాసినోళ్లకి లేదు, మీకుంది!

ఇప్పుడు దీన్ని సీన్‌లో ఎలా వాడాలంటే, మొదట్లో ఇద్దరూ దీనెవ్వ అనే అంటారు, ఫొటో చూసి దీనెవ్వ, టేపు పట్టుకుని దీనెవ్వ, లెక్క కుదరక ఇంకా సాగదీసి దీ…నెవ్వ. టేపు చివర వదిలేసినందుకు ఒకడు రెండోవాణ్ణి నీయవ్వ అంటాడు, అక్కడ క్లాసులో నవ్వుతారు. ఆ తర్వాత కిటికీ బయట ఒక మనిషి నిలబడి కాల్చాడని ఇద్దరికీ ఒకేసారి తడుతుంది చూడు, అక్కడ మొట్టమొదటిసారి మెల్లగా, వానెవ్వ. అంతే. అప్పటిదాకా కేసు వస్తువు, ఆ క్షణం నుంచి మనిషి. ఈ ఒక్క మార్పు కోసం మిగతా అన్ని దీనెవ్వలూ పొదుపుగా వాడండి, ఇరవై సార్లు అరిపిస్తే ఇది వినపడకుండా పోతుంది. ఒక సంగతి, మీ టీమ్‌లో సీమ పిల్లలుంటే అవ్వ అంటే వాళ్లకి నానమ్మ, ముందే చెప్పుకోండి, లేకపోతే షూట్ మధ్యలో నవ్వులాటవుతుంది.

రాసేటప్పుడు మాత్రం ఒక్క మాటతో రాయొద్దు. మొత్తం డైలాగ్ మామూలుగా రాయండి, ఒరేయ్ రిపోర్ట్‌లో ఈమె ఎటు తిరిగి ఉందని రాశారు, సింక్ వైపు అన్నా, సింక్ వైపుంటే దెబ్బ ఇక్కడెలా తగిలింది, ఇలా రెండు పేజీలు. ఆ రెండు పేజీలతోనే నాలుగు రోజులు రిహార్సల్ చెయ్యండి. షూట్ ముందురోజు డైలాగులు కొట్టేసి ప్రతి లైన్ చోటా ఆ మాట పెట్టండి. నటుడి కళ్లలో కొట్టేసిన లైన్ ఉంటుంది. ఇలా చెయ్యకుండా డైరెక్ట్‌గా దీనెవ్వ దీనెవ్వ అంటే ఇద్దరు తాగుబోతులు కిచెన్లో తిరుగుతున్నట్టుంటుంది, నేను ఒక కాలేజీ వాళ్ల కాపీ చూశాను, అచ్చం అలాగే ఉంది.

ఇక ఆధారాలు. ఒరిజినల్‌లో తూటా ఫ్రిజ్ తలుపు దగ్గర దొరుకుతుంది, ఖాళీ షెల్, అంటే కాల్చాక మిగిలే తూటా తొడుగు, కిటికీ బయట నేలలో. దీన్ని యథాతథంగా దింపితే మన ఊళ్లో నమ్మరు. ఇక్కడ హత్య జరిగిన పోర్షన్‌ని ఓనర్ నెలల తరబడి అలా వదిలేస్తాడా? పోలీసోళ్లు తాళం ఇచ్చిన వారానికే కడిగించి, పుట్టీ పెట్టించి, రంగేయించి, ఒక హోమం చేయించి టులెట్ బోర్డు పెట్టేస్తాడు. మరి తూటా చిల్లు ఏమైంది? దాని మీద మేకు కొట్టి వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తగిలించాడు! క్యాలెండర్ ఎక్కడైనా కంటి ఎత్తులో ఉంటుంది, ఇది మాత్రం నడుం కంటే కొంచెం పైన ఉంది. మీ డిటెక్టివ్ గది మొత్తం చూసి ఆ క్యాలెండర్ దగ్గర ఆగాలి, వేలితో అంచు లేపాలి, చెప్పులు గుర్తొచ్చి రెండడుగులు వెనక్కేసి విప్పి మళ్లీ రావాలి, దేవుడి బొమ్మ కదా. ఆ చెప్పులు విప్పే షాట్ మీకు ఏ అమెరికా సీరియల్లోనూ దొరకదు.

షెల్ విషయంలో జాగ్రత్త. మనవాళ్లు తుపాకీ అనగానే తపంచా రాసేస్తారు, పేపర్లలో అదే చదువుతాం కాబట్టి. కానీ నాటు తపంచా ఒక్కోసారి ఒక్క తూటా పెట్టి కాల్చేది, కాల్చాక ఖాళీ షెల్ గొట్టంలోనే ఉండిపోతుంది, చేత్తో తీస్తే తప్ప బయటపడదు. కిటికీ బయట షెల్ దొరకాలంటే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అయ్యుండాలి, అవి చాలావరకు కాల్చేవాడి కుడివైపుకి విసిరేస్తాయి. అంటే మీ వాడు కిటికీకి ఎదురుగా నిలబడినట్టు నిలబడి కుడివైపు వెతకాలి, ఊరికే గడ్డిలో చూస్తే దొరికినట్టు పెట్టొద్దు. తపంచానే కావాలంటే షెల్ వదిలేసి వేరే ఆధారం రాసుకోండి.

టేపు సీన్ నిజం లెక్కతో చెయ్యండి, ఇందులో మోసం చేస్తే చూసేవాడికి తెలిసిపోతుంది. కిటికీకి దోమల జాలీ ఉంటుంది కదా, అందులో చిల్లు నేల నుంచి 5 అడుగుల ఎత్తు, ఎదురుగోడలో క్యాలెండర్ వెనక చిల్లు 4 అడుగులు, మధ్య దూరం 10 అడుగులు అనుకో. పదడుగుల్లో ఒక అడుగు దిగింది. ఒక దారం ఆ చిల్లు నుంచి ఈ చిల్లుకి లాగి కిటికీ బయటికి ఇంకో రెండడుగులు తీస్కెళ్తే దాదాపు 5 అడుగుల రెండున్నర అంగుళాలు వస్తుంది, పిస్టల్ అక్కడుండాలి. బాగానే ఉంది, మామూలు మనిషి చెయ్యి చాపే ఎత్తే. కానీ బయటికెళ్లి చూస్తే ఇంటి బేస్‌మెంట్ రెండడుగులు లేపి కట్టారు, అంటే బయట నేల నుంచి ఏడడుగుల పైన! అంత ఎత్తులో పిస్టల్ పట్టేవాడు ఎవడుంటాడు? దేని మీదో ఎక్కాడు. చుట్టూ చూస్తే బోరు మోటారు దిమ్మె, దాని అంచు విరిగి ఉంది. వానెవ్వ ఇక్కడ పడాలి. (మనిషిలోంచి దూసుకెళ్లిన తూటా దారి కొంచెం అటూఇటూ అవుతుందని మీ క్లాసులో ఎవడో ఒకడు అంటాడు, కరెక్టే, అననివ్వండి.) ఇదంతా జరగాలంటే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు పనికిరాదు, గ్రౌండ్ ఫ్లోర్ ఇండిపెండెంట్ ఇల్లే కావాలి. ఇల్లు దొరికాక ముందు టేపుతో కొలిచి ఆ తర్వాత స్క్రిప్ట్ రాయండి, మీ కిచెన్‌లో నా నంబర్లు రావు.

ఫొటోల కోసం ఒక పూట విడిగా షూట్ పెట్టుకోండి, చనిపోయినమ్మాయి పాత్రకి అదే కిచెన్‌లో స్టిల్స్ తీసి మామూలు సైజు ప్రింట్లు వేయించండి. బ్లడ్ అక్కడ కొంచెం, కార్న్ సిరప్‌లో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి. ప్రింట్లకి వెళ్లేటప్పుడు కాలేజీ లెటర్ పట్టుకెళ్లండి, స్టూడియో ఆయన గుండె పట్టుకుంటాడు లేకపోతే. ఆ స్టిల్స్ ఒక్కటి కూడా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, సాయంత్రానికల్లా తార్నాకలో ఘోరం అని తిరిగి మీకే వస్తుంది.

ప్రశ్న: అదే టీమ్‌లో కెమెరా నాది. ఇప్పటి పోలీసులు ప్రింట్ ఫొటోలు వాడతారా అన్నా, ఫోన్‌లోనే వీడియో తీస్తున్నారు కదా? పర్మిషన్లు, కాపీరైట్ కూడా చెప్పండి. – పేరు వద్దు, హబ్సిగూడ

జవాబు: మంచి పట్టు పట్టావు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో, ఏడేళ్లు అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణుడు స్పాట్‌కి రావాలి, వీడియో తియ్యాలి అని పెట్టారు. క్లూస్ టీమ్ మన దగ్గర ముందు నుంచీ ఉన్నదే, పేపర్లో రోజూ చూస్తాం. ఫోన్ వీడియోని కిచెన్ ముందు పట్టుకుని ఫ్రేమ్‌కి ఫ్రేమ్ కలపడం కూడా బాగుంటుంది, కానీ నేనైతే ఫొటోలకే ఓటేస్తా, నేల మీద పరిచి మనిషి వాటి మధ్య గొంతుక్కూచుంటే ఒక షాటవుతుంది, ఫోన్ చూసే మనిషి ఎక్కడ చూసినా ఫోన్ చూసే మనిషే. కథని 2024కి ముందు పెట్టుకో, గొడవ లేదు.

యూనిఫామ్ జోలికి పోకండి, ఇద్దరూ మఫ్టీ. కృష్ణానగర్‌లో కిరాయికి దొరుకుతాయి గానీ అది వేసుకుని మీవాడు టీ తాగడానికి రోడ్డు మీదికి వస్తే కొత్త తలనొప్పి. సొంతింట్లో షూటింగే అయినా లోకల్ స్టేషన్లో ఒక లెటర్, పక్కిళ్లకి ఒక మాట. పిల్లలెవరో కిటికీ దగ్గర దాక్కుంటున్నారని ఎవరైనా 100 కొడితే మీ సీన్ మీమీదే జరుగుతుంది. కాపీరైట్ అంటావా, క్లాసులో మీ లెక్చరర్లు, మీ తోటివాళ్లు చూడటం వరకు కంగారక్కర్లేదు. యూట్యూబ్‌లోకో ఫెస్టివల్‌కో పంపాలంటే అది వేరే సంగతి, వాళ్ల ఆడియో గానీ మ్యూజిక్ గానీ ముక్క కూడా ఉండకూడదు, క్యాలెండరూ దిమ్మె లాంటివి మీవే ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

లైట్ గురించి నువ్వు అడగలేదు గానీ, కిచెన్లో ట్యూబ్‌లైట్ వెలిగించి తీస్తే షటర్ సెకనులో యాభయ్యో వంతు మీద పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫ్లికర్, అంటే లైట్ మిణుకు, రాదు.

ప్రశ్న: బాబూ, మా చిన్నోడి ఫ్రెండ్స్ మా వంటిల్లు రెండు రోజులు ఇవ్వమంటున్నారు, హత్య సీన్ తీస్తారట. పిల్లలు మంచోళ్లే. ఇంట్లో అశుభం అని మా అత్తగారు, గ్రానైట్ పాడవుతుందని నేను. ఇవ్వమంటారా? – ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, పైన ఉత్తరాలు చదివాక అనుమానం వస్తోంది, ఇవి మీ వంటింటి గురించే అయ్యుంటాయి! ఇవ్వండి. సీన్‌లో మీ ఇంట్లో ఎవరూ చావరు, చచ్చి చాలా రోజులైన కేసు, అత్తగారికి అలాగే చెప్పండి. శుక్రవారం వద్దనండి, ఆదివారం పొద్దున ఇవ్వండి. ఫొటోల పూట మాత్రం ఎర్రరంగు గ్రానైట్ మీద కాదు, ప్లాస్టిక్ షీట్ మీదే పొయ్యాలని గట్టిగా చెప్పండి, పలకల మధ్య సందుల్లోకి దిగితే ఫుడ్ కలర్ ఓ పట్టాన పోదు. గోడకి చిల్లు చెయ్యనివ్వొద్దు, నల్లకాగితం గుండ్రంగా కత్తిరించి అతికిస్తే కెమెరాకి అదే చిల్లు.

ఇంకోటి, వాళ్లు సౌండ్ కోసం ఫ్రిజ్ ఆపుతారు, ఆ గుర్రుమనే చప్పుడు రికార్డింగ్‌లో పడుతుందని. ఉల్లిగడ్డల ఆటో మైకునీ పక్కింటి కుక్కర్ విజిల్‌నీ ఎలాగూ ఆపలేరు, ఫ్రిజ్ ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్నది. నేను చదువుకునేటప్పుడు ఒక ఫ్రెండ్ వాళ్లింట్లో ఇలాగే ఆపి, సీన్ బాగా వచ్చిందన్న సంబరంలో మళ్లీ వెయ్యకుండా వచ్చేశాం, పొద్దున్నకి ఆంటీ వాళ్ల పాలు విరిగి, దోసెల పిండి గిన్నె దాటి పొంగింది, ఆర్నెల్లు ఆ ఇంటి ఛాయలకి వెళ్లలేదు నేను. అప్పట్నుంచి నేర్చుకున్న చిట్కా ఒకటుంది, ఫ్రిజ్ ఆపేవాడు తన బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటికెళ్లాలంటే తలుపు తెరవక తప్పదు, తెరిస్తే లైట్ రాదు, స్విచ్ గుర్తొస్తుంది. మీ చిన్నోడి ఫ్రెండ్స్‌లో బండి ఉన్నోడెవరో ముందే కనుక్కుని, తాళం మీరే పాల గిన్నె పక్కన పెట్టించండి.