పెద్దోడికి చదువు రాకపోవడం బుర్ర లేక కాదండీ

మీది రాయగడ అన్నారు. ఇద్దరు బాబులు, ఒకే బడి, ఒకే ట్యూషను, చిన్నోడు రెండో తరగతిలోనే ఒడియా గడగడా చదివేస్తున్నాడు, నాలుగో తరగతి పెద్దోడు ఇంకా కూడబలుక్కుంటున్నాడు, ఇంట్లో అందరూ వాడికి బుర్ర లేదంటున్నారు, నిజంగా మెదడులోనే తేడా ఉంటుందా అని అడిగారు. ఉంటుందండీ. కాకపోతే మీవాళ్ళు అనుకుంటున్న తేడా వేరు, అసలు ఉండే తేడా వేరు.

మాది పర్లాకిమిడి. నా కూతురూ, మా అన్నయ్య కొడుకూ నెలల తేడాతో పుట్టి ఒకే ఇంట్లో పెరిగారు, బడిలో ఒకే క్లాసు. అమ్మాయి ఏదైనా ఒకసారి చూస్తే చదివేసేది. మేనల్లుడు మూడో తరగతికి వచ్చినా ఒక వాక్యం పూర్తి చేయలేకపోయేవాడు. అదే వాడికి రాత్రి కథ చెబితే పొద్దున్న ఒక్క ముక్క పోకుండా తిరిగి చెప్పేవాడు, సంతలో మా అమ్మ కంటే ముందు చిల్లర లెక్క చెప్పేవాడు. అలాంటివాడిని క్లాసులో గురుమా, అంటే టీచరమ్మ, రోజూ నిలబెట్టి చదవమనేది, పిల్లలు నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకి బడి టైముకి కడుపునొప్పి మొదలైంది. అది దొంగ నొప్పి అనుకుని మేమూ తిట్టాం, ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే బాధేస్తుంది.

ఒకరోజు అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి తెలుగు పుస్తకం చదివిస్తున్నాను. 'అరటిచెట్టు' అని ఉంటే వాడు 'అరటిపండు' అన్నాడు. పక్కన బొమ్మలో అరటిగెల ఉంది. బొమ్మ మీద చెయ్యి పెట్టి మళ్ళీ చదవమన్నాను, 'అ' దగ్గరే ఆగిపోయాడు. అప్పుడు అర్థమైంది, వీడు ఇన్నాళ్ళూ చదవట్లేదు, మొదటి అక్షరం, బొమ్మ చూసి ఊహిస్తున్నాడు. పుస్తకం మూసేసి, "పలకలో 'ప' తీసేస్తే ఏం మిగులుతుందిరా?" అని నోటితోనే అడిగాను. అమ్మాయి వెంటనే "లక" అంది. వాడు కాసేపు నా మొహం చూసి "బలపం" అన్నాడు. పలక పోతే బలపం మిగులుతుంది కదా అత్తా అని వాడి ఉద్దేశం. మాట అర్థం పట్టుకున్నాడు తప్ప, ఆ మాటని శబ్దాలుగా విడగొట్టడం వాడి చెవికి అందట్లేదు.

తర్వాత బరంపురంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించి, అవి బాగానే ఉన్నాయని తేలాక మిగతా పరీక్షలు చేసి డిస్లెక్సియా అన్నారు, అంటే తెలివి ఉన్నా చదవడం దగ్గర వచ్చే ఇబ్బంది. ఆమె ఓపిగ్గా చెప్పిన సంగతి నాకు బాగా పట్టింది. మాట్లాడటం మనిషికి సహజంగా వస్తుంది కానీ రాత పుట్టి సుమారు అయిదు వేల ఏళ్ళే అయింది, కాబట్టి చదవడానికంటూ మెదడులో పుట్టుకతో విడిగా భాగం ఏమీ ఉండదు. ఆకారాలు గుర్తుపట్టే భాగాన్నీ, ఎడమవైపు శబ్దాలు చూసుకునే భాగాన్నీ కలిపి ప్రతి పిల్లాడూ కొత్తగా దారి వేసుకోవాలి. కొందరికి ఆ దారి ఇట్టే పడుతుంది, కొందరికి శబ్దాల దగ్గర అడ్డం తగులుతుంది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. స్కాన్లు తీసి చూసిన పరిశోధనల్లో ఇలాంటి పిల్లలు చదివేటప్పుడు మెదడు ఎడమవైపు వెనక భాగాలు తక్కువ పనిచేయడం, శబ్దాల మీద సరైన శిక్షణ ఇచ్చాక అదే చోట పని పెరగడం కనిపించింది.

పెరుగుతుంది అంటే నమ్మకం కుదరకపోతే లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతి చూడండి. అక్కడ లైసెన్సుకి వేల వీధులు బట్టీ పట్టాలి. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో 79 మంది శిక్షణలో చేరితే 39 మంది పాసయ్యారు. పాసైనవాళ్ళ మెదడులో దారులు గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగింది, ఫెయిలైనవాళ్ళలో పెరగలేదు. మొదట్లో మాత్రం రెండు గుంపులకీ ఆ భాగంలో తేడా లేదు!

ఇక మా ఊళ్ళల్లో అందరూ చెప్పే మాట ఒకటుంది, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పైన హిందీ, ఇంగ్లీషు, అందుకే పిల్లాడు కలిపేసుకుంటున్నాడు అని. రెండు భాషల వల్ల డిస్లెక్సియా రాదండీ. మన పిల్లలు 'కమల'ని ఒడియా పలుకుబడిలో 'కొమొలొ' అని చదవడం, ఒడియాలో థ, ధ తారుమారు చేయడం మామూలే, అలవాటైతే పోతుంది. మీరు చూడాల్సింది ఒక్కటే, ఇంటి భాషలో కూడా అదే తడబాటు ఉందా అని. ఒడియాలోనే ఇబ్బంది పడుతూ తెలుగు నేర్పితే హాయిగా చదివేస్తున్నాడంటే అది భాష అలవాటు కాకపోవడం. మావాడికి రెండింట్లోనూ ఒకే చోట ఆగిపోయేది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. వీడు విని నేర్చుకునే రకం అని ఎవరో అంటే, ఒక ఏడాదంతా పాఠాలు నేనే చదివి వినిపించాను. మార్కులు వచ్చాయి, చదవడం మాత్రం అక్కడే ఉండిపోయింది. చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు అని పిల్లల్ని విడదీసి దానికి తగ్గట్టు చెబితే బాగా నేర్చుకుంటారన్నదానికి సరైన ఆధారం లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే మావాడికి ఒక ఏడాది మిగిలేది.

ఆ తర్వాత పట్టుకున్న పద్ధతి ఏమంత గొప్పది కాదు. రోజూ పావుగంట, అంతకు మించి ఒక్క నిమిషం కూడా కాదు. ముందు నోటితో, మాట చెప్పి ఒక్కో అక్షరానికి ఒక చింతపిక్క జరపడం, ఒక పిక్క తీసేసి ఏం మిగిలిందో చెప్పడం. అది వచ్చాకే చేటలో బియ్యం పోసి వేలితో అక్షరం రాస్తూ శబ్దం పలకడం. వారానికి రెండు అక్షరాలే, పాతవి తిరిగి తిరిగి. నాలుగు పనులు ఒకేసారి చెప్పడం మానేశాం, ఎందుకంటే పెద్దవాళ్ళకే బుర్రలో ఒక్కసారి నిలిచేవి నాలుగు విషయాలకి అటూ ఇటూ, వాడికి రెండు దాటితే గదిలోకెళ్ళి ఎందుకొచ్చానో మర్చిపోయి నిలబడిపోయేవాడు.

ఇప్పుడు ఏడో తరగతి. నెమ్మదిగానే చదువుతాడు, అయినా చదువుతాడు. మొన్న పాతపట్నం వెళ్తే బస్టాండులో ఒక్కో కొట్టు బోర్డూ పైకి చదువుకుంటూ నడిచాడు, ఎవరూ అడగకుండా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియాని కూడా చేర్చారు కాబట్టి సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు టైము అడగవచ్చు, మీ పెద్దోడికి తొమ్మిదేళ్ళు అయ్యుంటాయి, పరీక్ష చేయించడానికి సరైన వయసే.

ఈ రాత్రి పుస్తకం లేకుండా 'పలక' ప్రశ్న అడగండి, చిన్నోడు పక్కన లేనప్పుడు. ఏమన్నాడో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో మాట్లాడుకుందాం.