ముందు గంటలు చూడండి, మైళ్లు తర్వాత

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెద్ద బండ్ల మీదే. అమ్మానాన్నలు ఎండాకాలం వస్తున్నారు, ఏడుగురం కూర్చోవాలి, పచ్చడి సీసాలున్న సూట్‌కేసులు పట్టాలి. అందరి కథా అదే. నేను విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న లారీ షెడ్డులో పానాలు అందిస్తూ పెరిగినవాణ్ణి. పాతికేళ్లుగా టెక్సాస్‌లో డాలస్ పక్కన అదే పని చేసుకుంటున్నాను. నాకు తెలిసినంతలో చెబుతాను. పొగడ్తలు కావాలంటే సేల్స్‌మన్ ఉండనే ఉన్నాడు.

ప్రశ్న: మేస్త్రి గారూ, 2022 మోడల్ యూకాన్ డెనాలి చూశాను. 6.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను), 61,000 మైళ్లు తిరిగింది. రీకాల్ పరీక్షలో పాసయింది, చిక్కటి ఆయిల్ పోశారు, కాగితాలున్నాయి అంటున్నాడు డీలరు. నా భార్యేమో 5.3 ఇంజను చాలు, అంత డబ్బెందుకు అంటోంది. ఏది కొనమంటారు? (ఫ్రిస్కో)

తమ్ముడూ, చెల్లెమ్మ మాట వింటే నీ సమస్య సగం తీరినట్టే. మిగతా సగం నేను చెబుతాను.

ఆ 6.2 ఇంజనుకు కంపెనీ, అంటే జనరల్ మోటార్స్ (జీఎం), పెట్టుకున్న వాడుక పేరు ఎల్87. 2025 జనవరిలో రోడ్డు భద్రతా సంస్థ, అదే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, దాని మీద విచారణ మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో జీఎం రీకాల్ ప్రకటించింది, అంటే లోపమున్న బండ్లను వెనక్కి పిలిచింది. 2021 నుంచి 2024 దాకా వచ్చిన సిల్వరాడో, సియెర్రా, టాహో, సబర్బన్, యూకాన్, ఎస్కలేడ్‌లలో ఈ ఇంజనున్నవి ఒక్క అమెరికాలోనే దాదాపు 5,97,000 బండ్లు. పిస్టన్లను క్రాంకు షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్లలో, క్రాంకు ఆయిల్ దారుల్లో తయారీ నాటి మురికి ఉండిపోయింది, కొన్ని క్రాంకులకు కొలతలూ నునుపూ సరిగ్గా రాలేదు. ఇది కంపెనీ ఒప్పుకున్న సంగతే. బేరింగు తినేస్తే రాడ్డు ఊగుతుంది, ఊగిన రాడ్డు ఒక రోజు బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. అది మన ఇంటి సందులో జరిగితే ఫరవాలేదు. టోల్‌వేలో జోరుగా పోయే ఎడమ లేనులో ఉన్నప్పుడు జరిగితే?

ఇక ‘పాసయింది’ అన్న మాట సంగతి. ఆ పరీక్షలో స్కానరు పెట్టి చూస్తారు, సంపు (ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పి బేరింగు చూడరు. పాసైన బండికి 0డబ్ల్యూ-20 రకం ఆయిల్ తీసేసి 0డబ్ల్యూ-40 పోసి, కొత్త ఆయిల్ మూత పెట్టి పంపిస్తారు. ఆ చివరి అంకె ఇంజను వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఇరవై నుంచి నలభైకి ఎక్కించారంటే బేరింగుకూ క్రాంకుకూ మధ్య పొర పలచబడుతోందని వాళ్లకీ తెలుసన్నమాట. మొదట్లో ఆ పలచటి ఆయిల్ ఎందుకు పోశారంటావా? గ్యాలనుకు కాస్త మైలేజీ లెక్కల్లో పైకి రావాలి కాబట్టి. మా నాన్న మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు నా షెడ్డులో 0డబ్ల్యూ-20ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, “ఇది ఆయిలా, కొబ్బరినూనెలో నీళ్లు కలిపారా?” అన్నాడు.

పాసైన బండ్లకు ఈ లోపం మీద 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల దాకా ప్రత్యేక కవరేజీ (కంపెనీ ఖర్చుతో రిపేరు) ఉంది. బండి గుర్తింపు నంబరు, అదే 17 అక్షరాల విన్ నంబరు తీసుకుని, అమ్మే డీలరు దగ్గర కాకుండా ఇంకో డీలరు సర్వీసు కౌంటర్లో అడుగు, నీ బండికి వర్తిస్తుందో లేదో కాగితం మీద ఇవ్వమను.

ఇప్పుడు అసలు మాట. 61,000 మైళ్లని నువ్వు రాశావు, ఎన్ని గంటలో రాయలేదు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చాలా ట్రక్కుల్లో మీటరు మెనూలోనే కనిపిస్తుంది, లేకపోతే స్కానరు చెబుతుంది. మైళ్లను గంటలతో భాగించు. 1,500 గంటలైతే సగటు 40 మైళ్లు, అంటే హైవే మీద బతికిన బండి. 3,100 గంటలైతే సగటు 20 కూడా రాదు. అది నిలబడి బతికిన బండి. ఫోర్డు తన పెద్ద ట్రక్కుల మాన్యువల్‌లో ఒక గంట ఐడిల్‌ను (బండి నిలబెట్టి ఇంజను తిప్పడాన్ని) సుమారు 25 మైళ్ల కింద లెక్కగట్టమంటుంది. మైలేజీ మీటరుకు ఆ లెక్క తెలీదు, ఆయిల్‌కు మాత్రం తెలుసు.

ఆగస్టు శనివారం సాయంత్రం మన గుళ్ల పార్కింగులో చూడు. వరసగా పెద్ద పెద్ద ఎస్‌యూవీలు, అన్నీ స్టార్టింగులోనే. లోపల అత్తగారు నడిమి సీట్లో, ఏసీ ఫుల్లు, పిల్ల కూచిపూడి క్లాసు ఇంకో నలభై నిమిషాలుంది. బయట వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది, ఆవిణ్ణి ఎండలో నిలబెట్టమని నేననను. కానీ రోజూ స్కూలు, కుమాన్ ట్యూషను, గ్రాసరీ, గుడి, ఏదీ ఐదు మైళ్లు దాటదు. ఇంత పెద్ద ఇంజను సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాం, కాదంటే నిలబెట్టి గంటసేపు తిప్పుతాం. ట్రెయిలర్ లాగే రైతు బండి కన్నా మన బండికే కష్టమెక్కువ. రైతు బండి బురదగా కనిపిస్తుంది, మనది మెరుస్తుంటుంది, అంతే తేడా.

కాబట్టి: గంటల సగటు 30కి పైన, కవరేజీ కాగితం చేతిలో ఉంటే 6.2 గురించి ఆలోచించు. 20 దగ్గర్లో ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయ్. 5.3 ఆ రీకాల్‌లో లేదు, ఏడుగురినీ సామాన్నీ సుబ్బరంగా లాగుతుంది. బాడీ, చాసిస్ రెండింటికీ ఒకటే, మన ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, వాటికి నేను వంక పెట్టను. ఏది కొన్నా డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెలిగేదాకా ఆగొద్దు. 5,000 మైళ్లు లేదా 200 గంటలు, ఏది ముందొస్తే అప్పుడు మార్పించు. అలాగని 5.3కి మచ్చ లేదనుకోకు, కింది ఉత్తరం చదువు.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా వీ8 ఎస్‌యూవీ పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మంటుంది. పది నిమిషాలకు ఆగిపోతుంది. సర్వీసు అడ్వైజరు ఒకాయన ‘లిఫ్టర్లు పోయాయి, ఎనిమిది వేలవుతుంది’ అన్నాడు. ఇంకొకాయన ‘అది మామూలే’ అన్నాడు. (కేటీ. బండి పేరు, డీలర్ల పేర్లు నేనే తీసేశాను.)

అమ్మా, ఇద్దరూ తొందరపడ్డారనే నా అనుమానం.

లిఫ్టరంటే మన ఆటోనగర్ ట్యాపెట్టే. నా బల్ల సొరుగులో ఒకటుంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తాను. బొటనవేలంత ఉక్కు గొట్టం, అడుగున చిన్న చక్రం. ఆ చక్రం క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్టు) మీద దొర్లాలి. నా దగ్గరున్నదాన్ని వేలితో తిప్పితే తిరగదు. ఒకచోట గోటితో తడిమితే గుండ్రం పోయి చదును తగులుతుంది. దొర్లాల్సింది ఈడ్చుకుపోయి, క్యామ్‌ను ఉలితో చెక్కినట్టు చెక్కింది. ఆ చెక్కుడు పొడంతా ఆయిల్‌లో కలిసి ఇంజనంతా తిరిగింది.

జీఎం 2007 నుంచి ట్రక్కుల వీ8ల్లో బరువు లేనప్పుడు నాలుగు సిలిండర్లను నిద్రపుచ్చే ఏర్పాటు పెట్టింది. అందుకు ఎనిమిది ట్యాపెట్లలో చిన్న తాళం పిన్నులు పెట్టారు. 2019 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో సిలిండర్లను నిద్రపుచ్చడానికి 17 రకాల వరసలు, పదహారు ట్యాపెట్లకూ తాళాలే. క్రైస్లర్ కంపెనీ హెమీ ఇంజనులోనూ ఇలాంటిదే ఉంది. ఆ పిన్ను ఆయిల్ ఒత్తిడితో ఆడుతుంది. ఆయిల్ పాతబడి పిన్ను ఇరుక్కుందా, ట్యాపెట్టు కూలిపోతుంది. ఇదంతా ప్రభుత్వ మైలేజీ నిబంధన అందుకోవడానికి చేసిన సర్కస్సు. 2025లో కొత్త చట్టంతో ఆ నిబంధన తప్పితే వేసే జరిమానా సున్నా అయింది. మీ బానెట్ కిందున్న ట్యాపెట్లు మాత్రం పాతవే.

కానీ మీ బండి వేడెక్కగానే శబ్దం ఆగుతోంది చూడండి, అక్కడే నా అనుమానం. ఈ వీ8ల్లో ఎగ్జాస్టు మ్యానిఫోల్డు (ఇంజను నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం) బోల్టులు తెగడం చాలా మామూలు, ముఖ్యంగా చివరి సిలిండరు దగ్గరిది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ కొట్టుకొస్తూ టిక్కుమంటుంది. ఇనుము వేడికి వ్యాకోచించగానే సందు మూసుకుపోతుంది, శబ్దం ఆగుతుంది. కూలిన ట్యాపెట్టు ఇలా మర్యాదగా ఆగదు, ఇంజను మిస్ కొడుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. రాత్రంతా ఆగిన బండిని ఎవరైనా స్వతంత్ర మెకానిక్కు దగ్గర వదిలేసి, పొద్దున్నే లైటు వేసి బోల్టు తలలు లెక్కపెట్టమనండి. ఒక తల లేకపోతే ఖర్చు వేలల్లోంచి వందల్లోకి దిగొచ్చు. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఇంజను వణికితే మాత్రం ఇంటికి కూడా నడపొద్దు, టో ట్రక్కు పిలవండి.

ప్రశ్న: అమెరికా బండ్ల గోల ఎందుకన్నా, టయోటా టండ్రా పికప్పు కొంటే కళ్లు మూసుకుని ఉండొచ్చు కదా? (ఆస్టిన్)

కళ్లు తెరిచే ఉండు. టండ్రా పుట్టేది మన శాన్ ఆంటోనియోలోనే. 2021 దాకా వచ్చిన 5.7 వీ8కి నేనూ చేతులెత్తి దణ్ణం పెడతాను, తాగుబోతే గానీ నమ్మకస్తుడు. 2022లో దాన్ని తీసేసి రెండు టర్బోల వీ6 పెట్టారు. ఫ్యాక్టరీలో కోత పెట్టినప్పటి లోహపు తుక్కు లోపల ఉండిపోయి మెయిన్ బేరింగులు పోతున్నాయని 2024 మేలో లక్షకు పైగా, 2025 నవంబరులో ఇంకో 1,27,000 దాకా వెనక్కి పిలిచారు. రెండో విడతలో 2024 మోడళ్లు కూడా ఉన్నాయి. పేరు చూసి కొనే రోజులు పోయాయి తమ్ముడూ, ఏ ఇంజను, ఏ సంవత్సరం అని చూడాల్సిందే.

ప్రశ్న: 2018 ఫోర్డు ఎఫ్-150 పికప్పు, 3.5 ఎకోబూస్ట్ ఇంజనుది చూడటానికి వెళ్తున్నాను. ఏం చూడాలి? (ఇర్వింగ్)

పొద్దున్నే వెళ్లు. అమ్మేవాడికి ముందే చెప్పు, బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందా, ఏదో దాస్తున్నాడు, ఇంకో రోజు వస్తానను. చల్లగా ఉంటే నువ్వే స్టార్ట్ చేసి మొదటి ఐదు సెకన్లు విను. రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు గలగలమంటే క్యామ్ ఫేజర్లు, అంటే క్యామ్ సమయాన్ని ముందూ వెనకా జరిపే భాగాలు, పోయినట్టే. 2017 నుంచి 2020 దాకా ఈ ఇంజనుకు అది తెలిసిన జబ్బే. నాలుగు ఫేజర్లూ మార్చాలంటే ముందు భాగమంతా విప్పాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమను, లేదంటే వెనక్కొచ్చేయ్.

ప్రశ్న: మా నాన్నగారు రాజమండ్రిలో లారీ నడిపారు. డీజిల్ అయితే చావే లేదంటారు. 3 లీటర్ల డ్యూరామ్యాక్స్ సబర్బన్ తీసుకోమంటున్నారు. నా డ్రైవింగు పిల్లల్ని స్కూల్లో దింపడం, నెలకోసారి హ్యూస్టన్. (మెకిన్నీ)

నాన్నగారికి నా నమస్కారాలు. ఆయన లారీకి మసి వడపోసే ఫిల్టరు లేదు, యూరియా నీళ్ల ట్యాంకు లేదు. ఈ డీజిల్‌కు రెండూ ఉన్నాయి. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద తీరిగ్గా పరుగెత్తాలి. స్కూలుకు మూడు మైళ్లు వెళ్లి ఆపేస్తే కాలదు, పేరుకుంటుంది. ఇంకోటి కూడా ఆయనకు చెప్పండి. ఈ ఇంజనులో ఆయిల్ పంపును తిప్పేది ఒక బెల్టు, అది ఇంజను వెనకవైపు ఉంటుంది. మొదట వచ్చిన ఇంజన్లకు 1,50,000 మైళ్లకు మార్చమన్నారు. మార్చాలంటే గేరుబాక్సు దించాలి. “బెల్టు కోసం గేరుబాక్సు దించుతారా?” అని ఆయన ఎలా అంటారో నాకు ఇక్కడికే వినిపిస్తోంది. వారానికి మూడుసార్లు హ్యూస్టన్ వెళ్లేవాడివైతే నేనే ఇది కొనమనేవాణ్ణి, లాగుడూ మైలేజీ రెండూ బాగుంటాయి. నీ తిరుగుడుకు మాత్రం పెట్రోలే.

ప్రశ్న: పది గేర్ల ఆటోమేటిక్‌లో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పారు, నిజమేనా? (ప్లేనో)

ఎవరి జీవితాంతం అని అడగాల్సింది.

నా సొంత పికప్పు సంగతి చెబుతాను, కంపెనీ పేరు వద్దు. అందరి బండ్లకూ నీతులు చెప్పే నేను, నా దానికి ‘సీల్డ్ యూనిట్’ అన్నారు కదా అని 1,18,000 మైళ్ల దాకా ముట్టుకోలేదు. ఒక ఆదివారం ఐ-35 హైవే మీద మూడో గేరు నుంచి నాలుగుకు పడేటప్పుడు ఎవరో వెనక నుంచి గుద్దినట్టయింది. ట్రాన్స్‌మిషన్ పాన్ దించితే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ పాత చింతపులుసు రంగులో ఉంది, అయస్కాంతం మీద బూడిద గుజ్జు వేలెడు మందం. రీబిల్డు చేశాను, నా చేతులతో నేనే, మూడు వారాంతాలు. ఫోన్లో చెబితే మా నాన్న నవ్వలేదు. “వైద్యుడికి జ్వరమొస్తే ఇంతేరా” అన్నాడు. ఇంట్లో మా ఆవిడ మాత్రం ఇప్పటికీ నవ్వుతోంది.

నా లెక్క 50,000 మైళ్లకోసారి, బరువు లాగితే ఇంకా ముందే. మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి, షాపులో ‘అన్ని బండ్లకూ సరిపోతుంది’ అన్న డబ్బా మాత్రం వద్దు.

ప్రశ్న: మా 2012 సబర్బన్ 2,10,000 మైళ్లు తిరిగింది. ఏ రోగమూ లేదు. అమ్మేయమంటారా? (ఫ్లవర్ మౌండ్)

ఎందుకమ్మా? అంత తిరిగినా ట్యాపెట్లు అడ్డం తిరగలేదంటే ఆయిల్ ఎవరో శ్రద్ధగా మార్చారు, ఆ మనిషికి నా తరఫున ఒక కాఫీ ఇవ్వండి. ఇది మొదటి నుంచీ టెక్సాస్ బండే అయితే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఎరగదు, చాసిస్‌కు తుప్పు భయం లేదు. ఒహాయో నుంచో చికాగో నుంచో వచ్చినదైతే మాత్రం లిఫ్టు మీద పెట్టించి బ్రేకు గొట్టాలు చూపించండి. 2025 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో సొంత బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది, దాంట్లో అడుగున తొంగి చూసేవాడెవడూ లేడు.