ఒప్పందంలో లేని పనులకు అదనపు బిల్లు వస్తే

ప్రశ్న: ఖమ్మంలో 1,600 చదరపు అడుగుల ఇంటికి, మెటీరియల్‌తో కలిపి అడుగుకు రూ.1,900 చొప్పున కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకున్నాం. మధ్యలో 120 అడుగుల బాల్కనీ వేయమని, నేలకు టైల్స్ బదులు గ్రానైట్ పరచమని నోటిమాటగా చెప్పాం. ఇప్పుడు స్టీలు ధర పెరిగిందని, జీఎస్టీ ఉందని కలిపి రూ.5,56,960 అదనంగా అడుగుతున్నారు. పర్సనల్ లోన్ తీసుకుని కట్టేయమంటారా?

జవాబు: అప్పు మాట ఎత్తే ముందు బిల్లును విడదీసి చూడాలి. బాల్కనీకి రూ.2,28,000, గ్రానైటుకు రూ.1,54,000, స్టీలుకు రూ.90,000 చూపి, మొత్తంపై 18 శాతం పన్ను వేశారు. ఈ నాలుగు పద్దులనూ ఒకే గాటన కట్టకూడదు.

మీరు పంపిన ఒప్పందంలో అడుగు రూ.60 ఖరీదు చేసే టైల్స్ వేస్తామని ఉంది కాబట్టి, 1,100 అడుగుల నేలకు అయ్యే రూ.66,000 మీరు చెల్లిస్తున్న రేటులోనే ఇమిడి ఉంది. రూ.140 గ్రానైటు వేసినందుకు మీరు ఇవ్వవలసింది తేడా రూ.88,000 మాత్రమే, పరిచే కూలి పెరిగి ఉంటే దానిని వేరుగా చూపమనండి. వేయని టైల్స్ ఖరీదు తగ్గించకుండా గ్రానైటు పూర్తి ధర రాయడం ఇలాంటి బిల్లుల్లో తరచుగా కనిపించే పొరపాటు. పొరపాటనే అనుకుందాం.

రూ.1,900 రేటులో పునాది, గోడలు, తలుపులు, బాత్‌రూములు అన్నీ ఉంటాయి. అవేవీ లేని బాల్కనీకి అదే రేటు వేయడం సమంజసం కాదు గనుక, సగం దగ్గర బేరం మొదలుపెట్టండి. అయితే కాగితం మీద లేదు కదా అని అసలే ఇవ్వననడం కుదరదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మీ కోసం చేసిన పని వల్ల మీరు లాభం పొందితే, దానికి ప్రతిఫలం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది.

ధరలు పెరిగితే రేటు పెంచుతామన్న షరతు ఒప్పందంలో లేకపోతే స్టీలు భారం కాంట్రాక్టరుదే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివారు ఆ పన్ను వసూలు చేయకూడదు; రిజిస్ట్రేషన్ ఉంటే నంబరుతో ఇన్వాయిస్ ఇవ్వమనండి. పన్ను, స్టీలు పక్కన పెడితే, బాల్కనీకి సగం రేటా, పూర్తి రేటా అన్నదాన్ని బట్టి మీరు చెల్లించవలసింది రూ.2,02,000 నుంచి రూ.3,16,000 మధ్య తేలుతుంది.

ఈ మొత్తానికి పర్సనల్ లోన్ వద్దు. రూ.2.5 లక్షలు 14 శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.5,800 వాయిదా పడుతుంది. అదే గృహరుణంపై అదనంగా 9 శాతానికి, 15 ఏళ్లకు దొరికితే సుమారు రూ.2,500 సరిపోతుంది. కాలం ఎక్కువ కావడంతో మొత్తం వడ్డీ పెరిగే మాట నిజమే కానీ, ఫ్లోటింగ్ రేటు (కాలాన్ని బట్టి వడ్డీ మారే) గృహరుణాన్ని జరిమానా లేకుండా ముందే తీర్చుకోవచ్చు. ఇంజినీరుతో సవరించిన ఎస్టిమేట్ రాయించి బ్యాంకుకు ఇవ్వండి. బాల్కనీ మున్సిపల్ ప్లానులో లేకపోతే బ్యాంకు వాల్యుయర్ అభ్యంతరం చెప్పవచ్చు, కాబట్టి ముందుగా ఆ అనుమతి సంగతి తేల్చుకోండి.

కొలతలు ఇద్దరూ కలిసి తీసుకుని, అంగీకరించిన రేట్లను ఒప్పందానికి అనుబంధంగా రాసి సంతకాలు చేసుకున్న తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి. అప్పటిదాకా పని ఆగకుండా వివాదం లేని గ్రానైటు తేడా రూ.88,000 ఇప్పుడే బ్యాంకు ద్వారా పంపి, రసీదు తీసుకోండి.