అడ్రిక్‌ని కాపాడలేరా?

ప్రశ్న: బ్రిటిష్ టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’లో కాలయంత్రం చేతిలో ఉండీ డాక్టర్ తన కుర్ర సహచరుడు అడ్రిక్‌ని చావుకు ఎందుకు వదిలేశాడు?

జవాబు: 1982 నాటి ‘ఎర్త్‌షాక్’ చివరి భాగం చూడండి. భూమి మీదికి దూసుకెళ్లే సరకు నౌకను ఆపాలంటే దాని కంప్యూటర్‌లోని మూడు లాజిక్ కోడ్లు (తర్కపు చిక్కుముళ్లు) విప్పాలి. నౌకలో ఉండిపోయిన అడ్రిక్ మూడోది విప్పబోతుంటే, చావబోయే సైబర్‌మ్యాన్ (యంత్రంగా మారిన మనిషిలాంటి శత్రువు) ఆ కన్సోల్‌నే కాల్చేశాడు. డాక్టర్ కాలయంత్రమైన టార్డిస్ కన్సోల్ కూడా అప్పటికే దెబ్బతింది, కాబట్టి ఆ క్షణంలో అతని కోసం వెళ్లడం కుదరదు.

తర్వాత? అసలు గొడవంతా అక్కడే. నౌక కాలంలో 6.5 కోట్ల ఏళ్లు వెనక్కి జారి కూలింది. కథ ప్రకారం డైనోసార్లు పోయింది దానివల్లే. కూలడం ఆపితే మనుషులే ఉండరు. అయితే నౌకను కూలనిచ్చి, కుర్రాణ్ణి మాత్రం లాక్కురావచ్చుగా? ఈ వాదనలో బలముంది. తరువాతి కథలో డాక్టర్ నియమాలు మీరలేనంటాడు, అంతే. నాకైతే అది దాటవేతే.