టెక్ సందేహాలు: ఇంట్లో సంగీత సాధనకు తోడు వాయించే సాఫ్ట్‌వేర్

సందేహం: మా అమ్మాయి కర్ణాటక గాత్రం, అబ్బాయి కీబోర్డు నేర్చుకుంటున్నారు. తోడు వాద్యాలను తనంతట తానే వాయించే సాఫ్ట్‌వేర్ ఒకటి కొంటే ఇద్దరికీ సరిపోతుందా? ఇంకో సమస్య కూడా ఉంది. ఫోన్‌లో తాళం పెట్టి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో వింటూ, ఆ ఫోన్‌లోనే రెండూ కలిపి రికార్డు చేస్తే అమ్మాయి గొంతు తాళానికి వెనకబడి వినిపిస్తోంది. లోపం ఎక్కడుంది? – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ఒకటే సాఫ్ట్‌వేర్ ఇద్దరికీ సరిపోదు. అబ్బాయికి పనికొచ్చే ప్రోగ్రాములు కార్డ్‌ల (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపుల) మీద ఆధారపడి నడుస్తాయి. కర్ణాటక సంగీతంలో కార్డ్‌లకు చోటు లేదు కాబట్టి అమ్మాయికి అవి సహాయం చేయకపోగా, శ్రుతిని పట్టుకోవలసిన చెవిని అటూ ఇటూ లాగుతాయి.

ముందు అబ్బాయి సంగతి చూద్దాం. ఈ కోవలో బాగా పాత పేరు బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్. కెనడాకు చెందిన పీజీ మ్యూజిక్ సంస్థ దీనిని 1990లో విడుదల చేసింది. తెర మీద ఒక్కో గడి ఒక్కో బార్, అంటే నిర్ణీత సంఖ్యలో దెబ్బలుండే పాట భాగం. వాటిలో సీ, ఏ మైనర్, ఎఫ్, జీ అని కార్డ్‌ల పేర్లు వరుసగా టైపు చేసి, ఒక శైలిని ఎంచుకుంటే బాస్, డ్రమ్స్, పియానో, గిటార్ భాగాలను అదే తయారుచేసి వాయిస్తుంది. ఇందులోని రియల్‌ట్రాక్స్ నిజమైన కళాకారులు వాయించిన రికార్డింగుల నుంచి కూర్చినవి. అందువల్ల ధ్వని సహజంగానే ఉంటుంది గానీ, ఆ శైలికి సూచించిన వేగం నుంచి బాగా దూరం జరిగితే నాణ్యత చెడుతుంది. నేర్చుకునే పిల్లవాడికి ఇంత పెద్ద ప్రోగ్రాము అప్పుడే అవసరం లేదని నా అభిప్రాయం. ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ పనిచేసే ఐరియల్ ప్రో అనే యాప్ చాలు. అందులో పాట కార్డ్‌లు మాత్రమే కనిపిస్తాయి, వరుస (బాణీ) కనిపించదు. వరుసను పిల్లవాడే వాయించుకోవాలి కనుక సాధనకు అదే మేలు. కష్టమైన నాలుగు బార్‌లను మాత్రం ఎంచుకుని, తిరిగి తిరిగి వచ్చేలా పెట్టి, ప్రతి ఆవృత్తికీ వేగం కొంచెం పెరిగేలా అమర్చుకోవచ్చు. మన పాటల దరువులు మాత్రం వీటిలో ఆశించకండి. అవి కావాలంటే భారతీయ తాళ శైలులతో వచ్చే యమహా పీఎస్ఆర్-ఐ500 వంటి కీబోర్డే దగ్గరి దారి.

అమ్మాయికి కావలసింది తంబూర యాప్. గురువుగారు నిర్ణయించిన శ్రుతిని యాప్‌లో సరిగా పెట్టడంలోనే చాలామంది తడబడతారు. 1 శ్రుతి అంటే సీ, 5 అంటే జీ, 5½ అంటే జీ షార్ప్. మామూలుగా తంబూర పంచమం (ప), షడ్జమం (స) పలుకుతుంది. అయితే హిందోళం, శ్రీరంజని వంటి పంచమం లేని రాగాలు సాధన చేసేటప్పుడు ఆ పంచమాన్ని మధ్యమానికి (మ) మార్చాలి. చాలా యాప్‌లలో ఈ సదుపాయం ఉంటుంది. ఫోన్ స్పీకరులో మంద్ర షడ్జమం (కింది స) దాదాపు వినిపించదు, పైస్వరాల కీచుదనం మాత్రమే మిగులుతుంది. అందువల్ల ఓ మోస్తరు స్పీకరుకు కలిపి, గొంతును మింగేయనంత తక్కువ శబ్దంతో పెట్టండి.

తాళం యాప్ విషయంలో నా మాట కొంత కఠినంగా అనిపించవచ్చు. రోజువారీ సాధనలో దానిని ఆపేసి, అమ్మాయి చేతనే తాళం వేయించండి. మృదంగ విద్వాంసుడు పాడేవారి ఊపిరిని గమనించి సర్దుకుంటారు, యాప్ ఎవరి కోసమూ ఆగదు. దాని చప్పుడుకు అలవాటుపడిన పిల్లలు లయను తమలో నిలుపుకోవడం నేర్చుకోరు. మొదటి కాలం నుంచి దానికి నాలుగు రెట్ల వేగమైన మూడో కాలానికి వెళ్లేటప్పుడు వేగం జారుతోందా అని పరీక్షించుకోవడానికి మాత్రం అంత నమ్మకమైన సాధనం మరొకటి లేదు.

ఇక రికార్డింగు. లోపం అమ్మాయిది కాదు, బ్లూటూత్‌ది. ధ్వనిని కుదించి, పంపి, అవతల విప్పే పనిలో సుమారు 0.2 సెకన్ల ఆలస్యం జరగడం మామూలే. నిమిషానికి 60 అక్షరాల (తాళపు దెబ్బల) వేగంతో, అక్షరానికి నాలుగు స్వరాలుండే మూడో కాలం పాడితే ఒక్కో స్వరానికి దక్కేది 0.25 సెకన్లు. అంటే ఇంచుమించు ఒక స్వరమంత ఎడం. ఊరికే వింటూ పాడేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే ఆలస్యంగా వచ్చినా దెబ్బలు సమంగానే వస్తాయి. ఫోన్ మాత్రం తాళాన్ని తాను పంపిన క్షణానికి, గొంతును అది వినిపించిన క్షణానికి నమోదు చేసుకోవడంతో తేడా బయటపడుతుంది. వైరున్న హెడ్‌ఫోన్ వాడితే దాదాపుగా పోతుంది. లేదా తాళాన్ని స్పీకరులో వినిపిస్తూ, గదిలో మరో ఫోన్ ఉంచి మామూలు వాయిస్ రికార్డరుతో రెంటినీ కలిపి పట్టుకోండి. అబ్బాయి కీబోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆ ధ్వనిని బ్లూటూత్‌లో వింటూ వాయిస్తుంటే ఇబ్బంది ఇంకా ఎక్కువ, మెట్టు నొక్కిన కాస్త తరువాత గానీ స్వరం పలకదు. అక్కడా వైరే వాడండి. విండోస్‌లో అప్పటికీ ఆలస్యం ఉంటే, ధ్వని ఆలస్యాన్ని తగ్గించే ఆసియో డ్రైవరు వేసి, సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో బఫర్‌ను (ధ్వనిని వినిపించే ముందు నిల్వ ఉంచుకునే పరిమాణాన్ని) 256 శాంపిల్స్‌కు తగ్గించి చూడండి. ధ్వనిలో చిటపటలు వస్తే 512కు పెంచండి.